హోమ్స్ కౌంటీ క్లినిక్‌లో చేరబోతున్న మా అక్క కూతురికి

బిడ్డా,

నీ జె-1 వీసా వేవర్, అదే చదువయ్యాక ఇండియాకి తిరిగి రాకుండా అక్కడే ఉండే అనుమతి, ఖరారైందనీ, ఓహాయోలో హోమ్స్ కౌంటీ క్లినిక్‌లో మూడేళ్ళు చేయాలనీ మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చెబుతూ ఒకటే బాధ. "డల్లాస్ కాదు, న్యూజెర్సీ కాదు, గుర్రబ్బండ్లు తిరిగే ఊరట చెల్లీ" అని. ఆ గుర్రబ్బండ్ల ఊళ్ళలోనే నా నర్సు ఉద్యోగం సగానికి పైగా గడిచింది, నాకేం తక్కువైందని అడిగాను. మీ అమ్మ సంగతి నేను చూసుకుంటాను, నువ్వు టెన్షన్ పడకు.

నేను రాస్తున్నది వేరే సంగతి. నువ్వు చేరిన కొద్ది రోజులకే మీ మేనేజర్ ఒక లిస్టు తెచ్చి నీ ముందు పెడతాడు. 40 దాటినా మమోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) చేయించుకోనివాళ్ళు, పాప్ టెస్ట్ (గర్భాశయ ముఖద్వారం పరీక్ష) ఎప్పుడూ చేయించుకోనివాళ్ళు. చదువుతూ పోతే అందులో చాలా పేర్లు ఆమిష్, మెన్నోనైట్ అనే క్రైస్తవ శాఖల ఆడవాళ్ళవే. "వీళ్ళకి చెప్పి లాభం లేదు డాక్టర్, వినరు" అంటాడు. ఆ మాట చెవిన వేసుకోకు. అక్కడ పరీక్ష వద్దన్నవాళ్ళ కంటే, మనం పెట్టిన పద్ధతిలో రాలేకపోయినవాళ్ళనే నేను ఎక్కువగా చూశాను. అందుకని వాళ్ళ మనసు మార్చే పని పెట్టుకోకు. మీ క్లినిక్ పద్ధతి మార్చు, చాలు. ఎక్కడెక్కడ మార్చాలో నాకు తెలిసినంత రాస్తాను.

మెన్నోనైట్ అనే మాట మనకి కొత్త కాదులే. మన పాలమూరు ఊళ్ళల్లో ఎం.బి. చర్చిలు ఉన్నాయి కదా, ఎం.బి. అంటే మెన్నోనైట్ బ్రెదరెన్. చిన్నప్పుడు మాకు జ్వరమొస్తే మా నాయన తీసుకెళ్ళింది జడ్చర్లలో వాళ్ళ ఆసుపత్రికే. అంతకు చాలా ముందు, 1907లో, కేథరీనా షెల్లెన్‌బర్గ్ అనే మెన్నోనైట్ డాక్టరమ్మ అమెరికా నుంచి హైదరాబాద్ సంస్థానానికి వచ్చింది. శంషాబాద్‌లో ఏళ్ళ తరబడి వైద్యం చేసి 1945లో ఆ గడ్డమీదే కన్నుమూసింది. మగ డాక్టరుకి చెయ్యి చూపించడానికి కూడా సిగ్గుపడే రోజుల్లో మన ఆడవాళ్ళకి ఆమె దిక్కయింది. ఇప్పుడు నువ్వు వాళ్ళ ఆడవాళ్ళ దగ్గరికి వెళ్తున్నావు. మీ అమ్మకి ఈ ముక్క చెప్పాక కొంచెం నెమ్మదించింది.

కానీ ఈ చుట్టరికం చూసుకుని అందరూ ఒకటే అనుకోకు. పాలమూరు మెన్నోనైట్లు చీరలు కట్టుకుని తెలుగు కీర్తనలు పాడతారు. హోమ్స్ కౌంటీ మెన్నోనైట్లలో కొందరు నీలాగే కారు నడుపుతారు, ఇన్సూరెన్స్ కార్డు చూపిస్తారు, పేరు చెబితే తప్ప తెలియదు. ఇంకొందరు తలమీద ముసుగుతో, పొడుగు గౌన్లతో, టీవీ లేకుండా ఉంటారు. 1693 ప్రాంతంలో యాకోబ్ అమ్మాన్ అనే పెద్ద వెంట మెన్నోనైట్ల నుంచి విడిపోయినవాళ్ళు ఆమిష్‌లు. అమెరికా, కెనడాల్లో ఇప్పుడు దాదాపు 4 లక్షలమంది ఉన్నారు. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ తర్వాత పెద్ద నివాసం నువ్వు వెళ్ళేదే. అందులోనూ స్వార్ట్‌జెన్‌ట్రూబర్, ఆండీ వీవర్, ఓల్డ్ ఆర్డర్, న్యూ ఆర్డర్ అని ఎన్నో శాఖలు. ఒక్కో చర్చి కింద ఇరవై ముప్పై నలభై కుటుంబాలు, ఆ చర్చికి వాళ్ళ కట్టుబాటు, దాన్ని ఓర్డ్నుంగ్ అంటారు. ఒకరికి ఫోను బావి పక్కన షెడ్డులో ఉండొచ్చు, పక్కింటివాళ్ళకి అదీ ఉండకపోవచ్చు. కాబట్టి "మీవాళ్ళు ఇలా చేస్తారట కదా" అనకు. "మీ ఇంట్లో ఎలా చేస్తారు?" అని అడుగు. నీకు తెలియదని ఒప్పుకుంటే వాళ్ళు ఓపిగ్గా చెబుతారు.

జబ్బు సంగతి ఒకటి తెలుసుకుని వెళ్ళు, లేకపోతే నువ్వే అతిగా భయపెడతావు. ఓహాయో ఆమిష్‌లలో క్యాన్సర్ మొత్తం మీద తక్కువే. 2010లో ఓహాయో స్టేట్ యూనివర్సిటీవాళ్ళు ప్రచురించిన లెక్క ప్రకారం రాష్ట్రంలోని మిగతా పెద్దవాళ్ళలో వచ్చేదానిలో ఇది సుమారు 60 శాతం. పొగాకు తక్కువ, ఒళ్ళు వంచి పని చేస్తారు. ఆడవాళ్ళకి చిన్న వయసులో మొదటి కాన్పు, తర్వాత చాలామంది పిల్లలు, అందరికీ తల్లిపాలు. ఇవన్నీ రొమ్ము క్యాన్సర్ ముప్పును తగ్గించేవే. "మా వాళ్ళలో తక్కువ కదా" అని ఎవరైనా అంటే "నిజమే" అను. తక్కువ అంటే లేదని కాదు, వచ్చినప్పుడు ఆలస్యంగా తెలిస్తే ఆ తక్కువ ఆమెకేమీ పనికిరాదు, అంతవరకు చెప్పు. అబద్ధం గానీ, పెంచి చెప్పడం గానీ వాళ్ళ దగ్గర ఒక్కసారి దొరికితే మళ్ళీ నీ గడప తొక్కరు.

ఇక అన్నిటికంటే ముందు డబ్బు. మనవాళ్ళు ఫీజు మాట చివర్లో, నసుగుతూ తీస్తారు. అక్కడ మొదట్లోనే తియ్యాలి. ఆమిష్‌లు, కట్టుబాటు గట్టిగా ఉన్న మెన్నోనైట్లు మామూలు ఇన్సూరెన్స్ తీసుకోరు. సర్కారు సొమ్ము మీద ఆధారపడకూడదని సోషల్ సెక్యూరిటీ అనే సర్కారు పింఛను పథకం నుంచి కూడా 1965లో మినహాయింపు తెచ్చుకున్నవాళ్ళు. ఒకరికి పెద్ద జబ్బు చేస్తే చర్చి మొత్తం భరిస్తుంది. డీకన్ అనే చర్చి పెద్ద లెక్క చూస్తాడు, చందాలు పోగవుతాయి, అవసరమైతే వేలంపాట పెడతారు, బొంతలూ కుర్చీలూ పైలూ అమ్మి ఆసుపత్రికి కడతారు. అంటే ఆమె మీద అయ్యే ప్రతి డాలరూ ఇరుగుపొరుగు చెమటే. ఏ జబ్బూ కనిపించని మనిషి పరీక్షకి అంత ఖర్చు పెట్టడం ఆమెకి స్వార్థంలా తోస్తుంది. మొండితనం అని మనం పేరు పెట్టేది చాలాసార్లు ఇదే.

నువ్వు చేయాల్సింది: రొక్కం ధర కాగితం మీద, ఒక్క అంకెగా. మమోగ్రామ్ తీసినందుకు ఒక బిల్లు, దాన్ని చదివిన రేడియాలజిస్టుకి ఇంకో బిల్లు, ఇది అమెరికా ఆసుపత్రులకి పుట్టుకతో వచ్చిన రోగం. నేను పనిచేసిన ఒకచోట, పేరెందుకులే, ఒకామె కౌంటర్ దగ్గర అడిగిన మొత్తం అక్కడికక్కడే లెక్కపెట్టి ఇచ్చి వెళ్ళింది. కొన్ని వారాల తర్వాత ఎవరో తెలియని రేడియాలజీ గ్రూపు నుంచి రెండో బిల్లు వెళ్ళింది. ఆమె అదీ కట్టింది. గొడవ పెట్టుకోలేదు, కోర్టుకెళ్ళే అలవాటు వాళ్ళకి లేదు. కానీ ఆ తర్వాత ఆమె అక్కచెల్లెళ్ళు, తోడికోడళ్ళు, వదినలు ఒక్కరు కూడా మా వైపు రాలేదు. ఎందుకో మాకు ఎవరూ చెప్పలేదు, ఒక మంత్రసాని ద్వారా చాలా రోజులకి తెలిసింది. కాబట్టి చేరకముందే మీ బిల్లింగ్‌వాళ్ళతో కూర్చో. ఆ ధరలో చదివే ఫీజు కలిసిందా అని అడుగు. మళ్ళీ పిలిస్తే అల్ట్రాసౌండ్‌కి ఎంత, సూదితో ముక్క తీస్తే ఎంత, అది కూడా అదే కాగితం మీద ఉండాలి. ఆ రెండో సగం రాయని కాగితం ఇవ్వకపోవడమే మేలు.

బీదవాళ్ళకి, ఇన్సూరెన్స్ లేనివాళ్ళకి మమోగ్రామ్, పాప్ టెస్టులు ఉచితంగా చేయించే కార్యక్రమం ఉంది, 1990 చట్టంతో మొదలైంది, ఓహాయోలో బీసీసీపీ అంటారు. మీ సోషల్ వర్కర్ ఉత్సాహంగా ఆ ఫారం తెస్తుంది. అది ప్రభుత్వ సొమ్ము అని ఆమెకి స్పష్టంగా చెప్పాకే ఫారం ఇవ్వు. కొందరు మెన్నోనైట్లు తీసుకుంటారు, ఆమిష్‌లలో చాలామంది వద్దంటారు, కొందరు ఇంటికెళ్ళి మాట్లాడుకుని చెబుతామంటారు. "ఊరికే ఫ్రీ" అని దాటేసి సంతకం పెట్టించే తెలివి మాత్రం ఎవరినీ చూపించనివ్వకు.

రెండోది బట్టలు. నవ్వకు. నన్నడిగితే సగం స్క్రీనింగ్ ఇక్కడే ఆగిపోతుంది.

ఆమె గదిలోకి వస్తుంది. తలమీద తెల్లని పల్చటి టోపీ, దాన్ని కాప్ అంటారు, గడ్డం పక్కన రెండు నాడాలు వేలాడుతుంటాయి. కింద ఒకే ముక్కగా కుట్టిన పొడుగు గౌను, దానిమీద భుజాల నుంచి నడుము దాకా కేప్, ఆపైన ఏప్రన్. చాలామందికి బొత్తాలుండవు, అన్నీ గుండుసూదులే. మన టెక్నీషియన్ అలవాటుగా "నడుము పైభాగం తీసేసి ఈ గౌను వేసుకోండి, రెండు నిమిషాల్లో వస్తాను" అని తలుపు వేసుకుపోతుంది. ఒకే ముక్క గౌనులో నడుము పైభాగం మాత్రమే ఎలా తీస్తారు? మొత్తం విప్పాలి. విప్పితే కింద లోపలి లంగాతో నిలబడాలి. ఒక్కొక్క సూదీ తీసి ఎక్కడ పెట్టాలో తెలియదు, నోట్లో పట్టుకుంటుంది, లేదా కుర్చీ చేతిమీద గుచ్చుతుంది. రెండు నిమిషాలయ్యాక తలుపు తడతారు. ఆమె సగంలో ఉంటుంది. ఆ సిగ్గు ఆమె ఇంటికి తీసుకెళ్తుంది, అక్కడినుంచి ఎంతమందికి చేరుతుందో ఆలోచించు.

దీనికి మందు చవక. గదిలో సూదులు గుచ్చుకోవడానికి చిన్న మెత్త ఒకటి, కింద పడితే ఏరుకోవడానికి పళ్ళెం ఒకటి. నడుముకి చుట్టుకోవడానికి పాదాలదాకా వచ్చే గుడ్డ, పైకి ముందు తెరుచుకునే మందపాటి కేప్ లాంటిది. కాగితం గౌను పారెయ్. అద్దం ఉండాలి, సూదులు మళ్ళీ సరిగ్గా పెట్టుకోవడానికి. తలుపు లోపలినుంచి గడియ పడాలి, ఆమె తీశాకే ఎవరైనా రావాలి. పదిహేను నిమిషాల స్లాటు ముప్పై నిమిషాలు చెయ్యి. కాప్ తియ్యమని అడగనక్కర్లేదు, నాడాలు ఫిల్ములో పడకుండా వెనక్కి వేసుకోమంటే చాలు. ఒక రొమ్ముకి ఫిల్ము తీసేటప్పుడు రెండోది కప్పి ఉంచాలి. పాప్ టెస్ట్‌కైతే గౌను విప్పాల్సిన పనే లేదు, పైకి జరుపుకుని దుప్పటి కప్పుకుంటే సరిపోతుంది. గదిలో నువ్వూ, ఒక నర్సమ్మా. చూసి నేర్చుకునే విద్యార్థులు వద్దు.

గోడల మీద గులాబీ రిబ్బన్లు, లిప్‌స్టిక్ వేసుకుని నవ్వే ఆడవాళ్ళ పోస్టర్లు, రొమ్ము బొమ్మలున్న కరపత్రాలు ఆ గదిలో అక్కర్లేదు. గీతల బొమ్మలతో, నలుపు తెలుపులో, పెద్ద అక్షరాల కాగితం ఒకటి ఉంటే చాలు. ఇంట్లో పెన్సిల్వేనియా డచ్ అనే జర్మన్ యాస మాట్లాడినా పెద్దవాళ్ళందరూ ఇంగ్లీషు చక్కగా చదువుతారు. బడి ఎనిమిదో తరగతితో ఆగిపోయిందని తక్కువ అంచనా వేస్తే నీకే చిన్నతనం. "ది బడ్జెట్" అని షుగర్‌క్రీక్ నుంచి 1890 నుంచీ వస్తున్న పేపరు ఉంది, ఊరూరి ఉత్తరాలతో నిండి ఉంటుంది, మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదువుతారు. నీ క్లినిక్ వేళలు చెప్పాలంటే ఫేస్‌బుక్ కంటే అదే నయం.

రిజిస్ట్రేషన్ ఫారం ఒకసారి నువ్వే నింపి చూడు. ఈమెయిల్ తప్పనిసరి, ఫోటో ఐడీ తప్పనిసరి, ఇన్సూరెన్స్ నంబరు తప్పనిసరి అని ఉంటుంది. ఫోటో తీయించుకోవడమే చాలామందికి నిషిద్ధం. ఈ మూడూ లేకపోయినా ముందుకు కదిలే ఫారం చేయించు. ఫోన్ విషయం ఇంకా జాగ్రత్త. రోడ్డు పక్కన షెడ్డులో ఫోను ఉంటుంది, దాని వాయిస్‌మెయిల్ మూడు నాలుగు ఇళ్ళవాళ్ళు వింటారు. "మీ మమోగ్రామ్‌లో ఏదో కనిపించింది, మళ్ళీ రండి" అని అందులో వదిలితే ఆ సాయంత్రానికి చర్చి అంతా వంటలు వండుకుని ఆమె ఇంటికి వస్తారు. ఆమెకి మాత్రం ఇంకా మొగుడితో చెప్పుకునే వ్యవధి కూడా ఉండదు. ఫలితాలు ఉత్తరంలో పంపు. కవరు మీద రిబ్బను గుర్తులు లేకుండా, మామూలుగా. తొందరగా చెప్పాల్సింది ఉంటే ఎలా చెప్పాలో, ఏ డ్రైవరుతో కబురు పంపొచ్చో, పరీక్షకి ముందే ఆమెనే అడిగి రాసిపెట్టుకో.

ఇంకొకటి. 2024 సెప్టెంబర్ 10 నుంచి ప్రతి మమోగ్రామ్ ఉత్తరంలో రొమ్ము కణజాలం దట్టంగా ఉందో లేదో రాయాలనే నియమం వచ్చింది. నీకది మామూలు మాట. ఏమీ తెలియని మనిషి ఆ వాక్యం చదివి గడ్డ ఉందనుకుంటుంది. ముందే నోటితో చెప్పి పంపు. అలాగే వందమంది చేయించుకుంటే పదిమందిని మళ్ళీ రమ్మంటారనీ, ఆ పదిమందిలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదనీ కూడా. ఇది చెప్పని చోట, రెండోసారి పిలుపు వచ్చిన రోజే ఇంట్లో దుఃఖం మొదలవుతుంది.

రావడం పోవడం గురించి. ఆమిష్‌లకి కారు ఉండదు. దగ్గరైతే బగ్గీ, దూరమైతే డబ్బిచ్చి డ్రైవరును పెట్టుకోవాలి. బయటివాళ్ళందరినీ వాళ్ళు "ఇంగ్లీష్" అంటారు, ఆ లెక్కన పాలమూరు బిడ్డవైన నువ్వూ ఇంగ్లీషే. డ్రైవరు మైలుకింత, ఆగితే గంటకింత తీసుకుంటాడు. ఒక్కామె కోసం అది దండగ. అక్కచెల్లెళ్ళకీ, తోడికోడళ్ళకీ ఒకదాని వెంట ఒకటి టైములిస్తే ఒకే వ్యానులో ఎనిమిదిమంది వస్తారు. నేను పనిచేసిన రోజుల్లో రిసెప్షన్ అమ్మాయికి నేర్పిన అన్నిటికంటే పెద్ద పాఠం ఇదే: అపాయింట్‌మెంట్ అడిగినప్పుడు "మీతో ఇంకెవరైనా వస్తారా?" అని తిరిగి అడగడం. గుర్రం కట్టేసే రాట ఉండాలి. సోమవారం బట్టలుతికే రోజు, ఆరోజు పిలవకు. ఆగస్టు, సెప్టెంబర్లలో తోటలో కాసిందంతా సీసాల్లోకి ఎక్కుతుంది, అప్పుడూ రారు. పెళ్ళిళ్ళు వారం మధ్యలో పెట్టుకుంటారు. జనవరి 6 వాళ్ళకి పాత క్రిస్మస్. బాగా పాతకాలపు శాఖల్లో కొందరు ఎండాకాలంలో మిగతా అమెరికాలా గడియారాన్ని గంట ముందుకు జరపరు, అందుకని పది గంటలంటే ఏ పది గంటలో అడిగి రాయించు.

మమోగ్రామ్ బస్సు తెప్పించే వీలుంటే తెప్పించు. ఓహాయోలో ప్రాజెక్ట్ హోఫ్నుంగ్ అని ఆమిష్, మెన్నోనైట్ ఆడవాళ్ళ కోసమే ఏళ్ళుగా నడిచిన కార్యక్రమం ఉంది, సంచార మమోగ్రామ్ కూడా వాళ్ళు చేయించారు. వాళ్ళ అనుభవం అడిగి తెలుసుకో. బస్సు ఎక్కడ ఆపాలన్నది నువ్వు నిర్ణయించకు, ఊళ్ళో పెద్దావిడలని అడుగు. ఆమిష్‌లలో చాలామందికి విడిగా చర్చి భవనం ఉండదు, ఇళ్ళల్లోనే ఆరాధన. బట్టల కొట్టు ముందో, వేలంపాట షెడ్డు దగ్గరో చూపిస్తారు. ఇద్దరు ఆడపిల్లలు చంటివాళ్ళని ఎత్తుకుంటే తల్లులు నింపాదిగా లోపలికి వెళ్తారు. పెద్దలకి, అంటే బిషప్‌కి, ఒక మాట ముందే చెప్పడం మర్యాద. అనుమతి అడిగినట్టు కాదు, మనింటి పక్క ఫంక్షన్ పెట్టుకుంటే చెప్పినట్టు.

ఇక గదిలో మాట. భర్త పక్కనే కూర్చుంటాడు చాలాసార్లు. అతన్ని బయటికి పంపించే తొందర పడకు, ఖర్చూ ప్రయాణమూ అతనితో కలిసే తేల్చుకుంటుంది. బట్టలు మార్చుకునే వేళకి ఎలాగూ బయటికి వెళ్తాడు, ఒంటరిగా అడగాల్సింది అప్పుడు అడుగు. "మీ శరీరం, మీ హక్కు" లాంటి మాటలు ఆమెకి గర్వంగా వినిపిస్తాయి. "పిల్లలకి మీరు కావాలి, ఇంటికి మీరు కావాలి" అంటే అర్థమవుతుంది. అది కూడా ఒక్కసారే, అదేపనిగా బెదిరింపులా కాకుండా. దేవుడి చిత్తం అన్న మాట వస్తే వాదం పెట్టుకోకు. ఆ దేవుడే ఒళ్ళు జాగ్రత్తగా చూసుకోమన్నాడని వాళ్ళలోనే పెద్దావిడలు చెబుతారు, ఆ మాట వాళ్ళ నోటినుంచి రావడమే బాగుంటుంది. మాటకీ మాటకీ మధ్య ఖాళీ వస్తే మన తెలుగువాళ్ళకి ఊపిరాడదు, ఏదో ఒకటి మాట్లాడేస్తాం. అక్కడ ఆ ఖాళీని వదిలెయ్. ఆమె ఆలోచిస్తోంది. నువ్వు నింపితే, నిజంగా అడగాలనుకున్న ప్రశ్న అడగకుండానే లేచి వెళ్ళిపోతుంది.

సర్వైకల్ (గర్భాశయ ముఖద్వారం) క్యాన్సర్ సంగతి మాట్లాడేటప్పుడు "ఎంతమందితో సంబంధం" అనే ప్రశ్న కంప్యూటర్ అడిగిస్తుంది. పెళ్ళికి బయట అలాంటిది ఊహించని ఇంట్లో ఆ ప్రశ్న మొగుడి ముందు అడిగితే అవమానం. ఒంటరిగా ఉన్నప్పుడు, "ఇది అందరినీ అడిగేదే" అని మొదలుపెట్టి అడుగు. ఆ క్యాన్సర్‌కి కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ చాలా ఏళ్ళు కనిపించకుండా ఉండగలదనీ, పాజిటివ్ వస్తే ఎవరో తప్పు చేశారని అర్థం కాదనీ ముందే చెప్పు. హెచ్‌పీవీ నమూనా తనంతట తాను తీసుకునే పద్ధతికి 2024 మేలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది, మొదట క్లినిక్‌లోనే తీసుకునేలా. అది మీ దగ్గర ఉందో లేదో కనుక్కో. బాత్రూంలో తలుపేసుకుని ఆమే తీసుకోవచ్చు. నా కాలంలో అది ఉంటే ఎంత బాగుండేదో. ఏదైనా తేడా కనిపిస్తే తర్వాత నువ్వు చూడక తప్పదని మాత్రం దాచకు.

నీ లిస్టులో కనిపించనివాళ్ళ గురించి కూడా రాయాలి. పెళ్ళికాని ఆడవాళ్ళు, బడిపంతులమ్మలు, బేకరీలో పనిచేసేవాళ్ళు, వయసైన తల్లిదండ్రుల్ని చూసుకునేవాళ్ళు. కాన్పు లేదు కాబట్టి మంత్రసాని దగ్గరికి పోరు, పిల్లలు లేరు కాబట్టి మీ క్లినిక్‌కీ రారు. రొమ్ము క్యాన్సర్ విషయంలో పిల్లలు పుట్టనివాళ్ళకే ముప్పు కొంచెం ఎక్కువ. నన్నడిగితే మొదటి ఏడు నువ్వు ఇంకేమీ చేయకపోయినా వీళ్ళకి మమోగ్రామ్ అందేలా చెయ్యి. లోపలి పరీక్షతో కలిపి ఒకే రోజు పెట్టకు, అది విడిగా మాట్లాడి, ఆమె ఒప్పుకుంటేనే.

ఇంకో చివర, 42 ఏళ్ళకి కూడా చంటిపిల్లకి పాలిస్తున్న తల్లి ఉంటుంది. "పాలు మానేశాక రండి" అనకు, అప్పటికి మళ్ళీ కడుపుతో ఉండొచ్చు. బిడ్డకి పాలిచ్చి వెంటనే మిషన్ దగ్గరికి వస్తే చాలు. పాల గడ్డ అనుకుని నెలల తరబడి ఆకుపసర్లు కట్టిన గడ్డలు నేను చూశాను. రెండు వారాల్లో తగ్గని గడ్డ ఏదైనా రమ్మని మంత్రసానులకి చెప్పి ఉంచు. వాళ్ళని మంచి చేసుకో, ఆ ఊళ్ళల్లో నీకంటే వాళ్ళ మాటకే విలువ. పసర్లూ లేపనాలూ ఏం వాడుతున్నారో మామూలుగా, పక్కింటావిడని అడిగినట్టు అడుగు. కాలిన గాయాలకి బర్డాక్ ఆకులు, వాళ్ళ లేపనం పెడతారు, దానికి నవ్వకు. కానీ గడ్డని "లాగేసే" నల్ల లేపనం మాత్రం మంచి కండని కూడా తినేస్తుందని నిక్కచ్చిగా చెప్పు. రైలెక్కి మెక్సికోలో టిహువానా దాకా వైద్యానికి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. వెళ్తానంటే తలుపు మూయకు, తిరిగొచ్చాక నీ దగ్గరికే రావాలి కదా.

పెద్దపేగు పరీక్షకి, 45 దాటినవాళ్ళకి, ఇంట్లో మలం నమూనా తీసి పోస్టులో పంపే ఫిట్ కిట్టే అక్కడ సరిపడేది. ఏడాదికోసారి. గొట్టంతో పేగు లోపల చూసే కొలనోస్కోపీ అంటే ముందురోజు విరేచనాలు, ఎనిమిదిమంది పిల్లలున్న ఇంట్లో ఒకటే మరుగుదొడ్డి, అది ఆలోచించుకుని చెప్పు. కిట్టులో పాజిటివ్ వస్తే మాత్రం అదే చేయాలి.

చుట్టరికాలు అడగడం మర్చిపోకు. కొద్ది కుటుంబాల నుంచి పెరిగిన సమాజం, మేనత్త కూతురి ఆడపడుచు ఏ జబ్బుతో పోయిందో కూడా చెప్పగలరు. మన పాలమూరు ముసలమ్మల దగ్గర కూర్చున్నట్టే ఉంటుంది. ఇద్దరు అక్కచెల్లెళ్ళు కలిసి ఉన్నప్పుడు అడిగితే ఒకరు మరిచింది ఇంకొకరు అందిస్తారు.

"ఇంటికెళ్ళి ఆలోచిస్తాం" అంటే ఒక్కోసారి నిజంగానే ఆలోచిస్తారు, ఒక్కోసారి మర్యాదగా వద్దన్నట్టు. ఏదో తేల్చుకోవడానికి వెంటపడకు. ధర కాగితం చేతిలో పెట్టి, రెండేళ్ళకోసారి చేయించుకునే పరీక్ష ఇది, 74 దాకా ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు అని చెప్పి పంపించు. తర్వాత ఒక ఉత్తరం రాయి, చేత్తో. మీ మేనేజర్‌కి ఆ సంవత్సరం ఎంతమందికి పరీక్ష చేశామన్న అంకె కావాలి. అడిగాం, వద్దన్నారు, మళ్ళీ అడుగుతాం అని రాసుకోమను. ఈ విషయంలో అతనితో గొడవ పడాల్సి వస్తే పడు.

ఇప్పటికే చాలా రాశాను, చెయ్యి నొప్పి పుడుతోంది. ముందు నీ బిల్లింగ్‌వాళ్ళ దగ్గర ఆ ధరల కాగితం తీసుకుని నాకు ఫోటో పంపు, ప్రింటుకి ఇవ్వకముందే చూస్తాను. గదికి సూదుల మెత్తలు నేనే కుట్టి పోస్టులో వేస్తాను. ఎన్ని గదులున్నాయో చెప్పు.

ఆశీస్సులతో,
నీ చిన్నమ్మ